కోరంగి మడ అడవులు - ఒక పరిశీలన

మన వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథంలో మడ అడవులకు దొరికిన స్థలం ఒక పుటకు మించదు. శ్వాసమూలాల బొమ్మ ఒకటి, ఊతవేళ్ళ బొమ్మ ఒకటి, చెట్టుమీద ఉండగానే మొలకెత్తే గింజను గురించి నాలుగు పంక్తులు. ఐదు మార్కుల ప్రశ్నకు అంతమాత్రం చాలును. అయితే ఆ బొమ్మలు గీచి మార్కులు తెచ్చుకున్నవారిలో మడచెట్టును కంటితో చూచినవారు ఎందరని తరగతిలో అడిగినప్పుడు ఒకే ఒక చెయ్యి పైకి లేచింది. ఆ విద్యార్థిది తాళ్ళరేవు ప్రాంతపు పల్లె. "మా అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టేది సార్" అన్నాడు. తరగతి అంతా నవ్వింది గాని, మా విభాగం విజ్ఞానయాత్ర కోరంగికి కుదరటానికి ఆ ఒక్క వాక్యమే కారణం. పాఠ్యగ్రంథంలోని చెట్టుకూ, ఆ తల్లి పొయ్యిలోని చెట్టుకూ నడుమ ఏమున్నదో తెలుసుకొనవలెనని జనవరిలో ఇరవైమందిమి బయలుదేరాము.

కాకినాడనుండి యానాం పోయే రహదారిలో చొల్లంగి వస్తుంది. పుష్యమాసపు అమావాస్యనాడు సముద్రస్నానాలకు పేరుపొందిన ఊరు అది. అక్కడినుండి ఎడమచేతివైపు, సముద్రందిశగా, పచ్చని గోడవలె కనిపించేదే మడ అడవి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలు పాయలుగా చీలి, తాను మోసుకొని వచ్చిన ఒండ్రును పరచిన నేల ఇది. ప్రభుత్వం 1978 జూలైలో ఇక్కడ 235.70 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. నాడు తూర్పు గోదావరి జిల్లా. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఇందులో ఎక్కువ భాగం కాకినాడ జిల్లా క్రిందికి వచ్చింది. దేశంలో రెండవ పెద్ద మడ అడవి ఇదేనని అక్కడివారు గర్వంగా చెబుతారు. ఒడిశాలోని భితర్‌కనికావారు కూడ అదే మాట అంటారు. మొదటిస్థానం సుందరవనాలదని మాత్రం ఎవరికీ వివాదం లేదు. దేశం మొత్తంమీద మడ అడవి సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 400 చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. అంత తక్కువ ఉన్నప్పుడు రెండవదా మూడవదా అనే లెక్క ఎందుకని నాకు తోచింది.

కోరంగి పేరు అడవికన్న పాతది. ఒకప్పుడు ఇది ఓడరేవు. ఓడలు కట్టేవారి ఊరు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను ఆ దేశంలో కోరంగీలని పిలిచేవారు. నది మేట వేసి రేవు పూడిపోగా వ్యాపారం కాకినాడకు తరలింది. అంతకుముందే సముద్రం ఈ ఊరిని రెండుసార్లు ముంచింది. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరొకసారి ఉప్పెన వచ్చింది. రెండవదానిలో మూడు లక్షలమంది మరణించినట్లు అనేక గ్రంథాలలో కనబడుతుంది. ఆ అంకె ఒక గ్రంథంనుండి మరొక గ్రంథానికి ప్రాకుతూ వచ్చినదే గాని, ఆనాటి ఈ ప్రాంతపు జనసంఖ్యను తలచుకుంటే నమ్మదగినదిగా నాకు కనిపించదు. ఊరు తుడిచిపెట్టుకొని పోయిందన్నది మాత్రం నిజం. తుఫానుకు 'సైక్లోన్' అనే పేరు పెట్టినవాడు 1840 దశకంలో కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్. పాము చుట్టను సూచించే గ్రీకు మాటనుండి దానిని చేశాడు. 1789 నాటి కోరంగి ఉప్పెనను ఆయన వర్ణించాడు. ఆ మాట పుట్టుకలో మన తీరపు దుఃఖం కూడ కొంత ఉన్నదన్న మాట.

ఇక అడవిలోకి వెళదాము. మేము చేసిన మొదటి తప్పు వేళ చూడక పోవటం. ఉదయం ఎనిమిది గంటలకు చేరేసరికి పోటు నిండుగా ఉన్నది. చెట్ల తలలు తప్ప మరేమీ కనిపించలేదు. చూడవలసిన వేళ్ళన్నీ నీటి అడుగున ఉన్నవి. "ఇప్పుడేం కనపడుద్దండి? పాటు తియ్యనివ్వండి మేష్టారూ, అడివి దానంతటదే పైకొస్తది" అన్నాడు పడవ నడిపే పెద్దాయన. మా తెలుగు విభాగపు పిల్లలు ఆయనను బాబాయ్ అన్నారు, ఉర్దూ విభాగంవారు చాచా అన్నారు. రెండింటికీ ఆయన "ఆయ్" అనే పలికాడు. మూడు గంటలు చెక్కవంతెనమీద కూర్చున్నాము. నీరు తీస్తున్నకొద్దీ బురదలోనుండి వేలకొలది మేకులు పైకి లేచినట్లు శ్వాసమూలాలు బయటపడినవి. పాఠ్యగ్రంథంలోని బొమ్మలో అవి నాలుగే ఉంటాయి. ఇక్కడ అడుగు పెట్టటానికి చోటు లేదు.

మడచెట్టుకు ఉన్న కష్టాలు రెండు: ఊపిరి, ఉప్పు. బురదనేలలో గాలి చొరదు. కర్ర గ్రుచ్చి తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది; పిల్లలు ముక్కు మూసుకున్నారు. గాలిలేని చోట ఆకులను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు విడిచే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. అట్టి నేలలో వేరు బ్రతకవలెనంటే పైనుండి గాలి తెచ్చుకొనవలెను. అందుకే వేళ్ళు భూమికి ఎదురు తిరిగి ఆకాశంవైపు పెరుగుతాయి. వాటి ఒంటినిండా సన్నని రంధ్రాలు ఉంటాయి. పోటు వేళ అవి నీటిలో మునిగి ఉంటాయి; పాటు వేళ గాలిని పీల్చుకుంటాయి. చెట్టు రోజుకు రెండుసార్లు ఊపిరి బిగబట్టి, రెండుసార్లు వదులుతున్నదని ఒక విద్యార్థిని తన నోటుపుస్తకంలో వ్రాసుకున్నది. శాస్త్రీయంగా కొంచెం స్వేచ్ఛ తీసుకున్న మాటే అయినా నేను దిద్దలేదు. పొన్నజాతి చెట్లది వేరొక పద్ధతి. వాటి మానునుండి విల్లువలె వంగిన ఊతవేళ్ళు నలుదిక్కులా దిగి బురదను పట్టుకుంటాయి.

ఉప్పును తప్పించుకొనటంలోనూ ఇదే భేదం. పొన్న వేళ్ళు నీటిని వడగట్టి, ఉప్పులో అధికభాగాన్ని గుమ్మంవద్దనే ఆపివేస్తాయి. తెల్లమడ అలా కాదు. కొంత ఉప్పును లోనికి రానిచ్చి, ఆకుమీది గ్రంథులద్వారా బయటకు పంపివేస్తుంది. ఆకును నాలుకకు తాకించి చూడమన్నాను. పిల్లల ముఖాలు చూచిన పిమ్మట ఇక వివరణ అక్కరలేకపోయింది. కాని తిల్లచెట్టు దగ్గర ఇట్టి ప్రయోగం చేయరాదు. దాని పాలు కంటిలో పడితే చూపు దెబ్బతింటుంది. పడవ మనిషి మా చేతులు దానికి తగలకుండా ఎంతో జాగ్రత్తపడ్డాడు.

ఆ తెల్లమడకు శాస్త్రీయనామం అవిసెన్నియా మెరైనా. తరగతిలో ఈ పేరును బట్టీపట్టిన మన విద్యార్థులకు అందులో దాగి ఉన్న వ్యక్తి ఎవరో తెలియదు. క్రీ.శ. 980లో బుఖారా సమీపాన పుట్టి, 1037లో హమదాన్‌లో మరణించిన వైద్యతత్త్వవేత్త ఇబ్న్ సీనా పేరు లాటిన్‌లో అవిసెన్నా అయింది. లిన్నేయస్ ఈ ప్రజాతికి ఆ పేరే పెట్టాడు. మన ఊళ్ళలో యునానీ హకీములు షేక్ బూ అలీ సీనా అని గౌరవంగా తలచుకునే ఆయనే ఈయన. ఈ సంగతి చెప్పగానే ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు, వాళ్ళ తాత హకీము, చెట్టు దగ్గరకు వెళ్ళి సలాం చేశాడు. మడచెట్టును ఉర్దూలో ఏమందురని మరొకడు అడిగాడు. కరాచీ తీరంలో 'తీమర్' అనే మాట వాడుకలో ఉన్నది. దక్కనీ ఉర్దూలో నాకు తెలిసినంతవరకు సముద్రపు చెట్లకు పెద్దగా మాటలు లేవు. దక్కను పీఠభూమికి సముద్రం దూరం గదా.

పొన్న గింజ సంగతి మరీ విచిత్రం. అది తల్లిచెట్టు కొమ్మమీదనే మొలకెత్తి, మునగకాయవలె క్రిందికి వ్రేలాడుతూ పెరుగుతుంది. రాలినప్పుడు నీరు లేకపోతే బురదలో గ్రుచ్చుకొని నిలబడవచ్చును. నీరుంటే తేలిపోయి మరొక ఒడ్డున నాటుకొనవచ్చును. ఉప్పునీటిలో విత్తుదశనుండి ప్రారంభించటం కష్టం కనుక తల్లి ఆ భారం కొంత మోసి పంపుతుంది. తెల్లమడ కాయలో కూడ మొలక సిద్ధంగానే ఉంటుంది గాని కాయపొట్టును చీల్చుకొని బయటికి రాదు.

నీరు బాగా తీసిన తరువాత బురదమీద సంత మొదలయింది. బురదచేపలు రెక్కలనే కాళ్ళుగా చేసుకొని గెంతుతున్నవి. చేప ఒడ్డున పడితే చచ్చిపోవునన్న మన లోకజ్ఞానం వాటికి పట్టదు. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న మగపీతలు ఆ డెక్కను పైకెత్తి ఆడిస్తున్నవి. ఆడపీతలను పిలవటానికట. మా పిల్లలకు ఈ పీతలు పరిహాసంగా కనిపించినవి గాని, అడవి నిర్వహణలో వాటి పాత్ర అటవీశాఖకన్న తక్కువది కాదు. అవి తవ్విన బొరియలగుండా గాలి, నీరు నేలలోకి దిగుతాయి. రాలిన ఆకులను కొన్ని జాతుల పీతలు లోపలికి ఈడ్చుకొనిపోయి తింటాయి. మిగిలిన ఆకు కుళ్ళి పొడి అయి, రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు ఆహారమవుతుంది. సముద్రంలో గ్రుడ్లనుండి పొదిగిన పండుగప్ప పిల్లలు పెరగటానికి ఈ పాయలలోకే వస్తాయి. వేళ్ళ నడుమ పెద్దచేప చొరలేదు కనుక పిల్లచేపకు ఇంతకన్న మంచి పాఠశాల లేదు. కనుక సముద్రంలో వలవేసేవాని సంపాదనలో కొంతభాగం ఈ బురదలో పెరిగినదే.

పడవలో పాయలవెంట రెండు గంటలు తిరిగాము. నీటికుక్కల కుటుంబం ఒకటి అవతలి ఒడ్డునుండి నీటిలోకి జారి, తలలు మాత్రం పైకి పెట్టి మమ్ములను చూచి, మునిగిపోయింది. బావురుపిల్లి కనిపించలేదు, తడిబురదమీద దాని అడుగులు మాత్రం పడవ మనిషి చూపించాడు. పిల్లి నీటికి భయపడుతుందని మనం అనుకుంటాము. ఇది ఈతలో నేర్పరి. వేళ్ళ నడుమ కొంత చర్మం ఉంటుంది. గట్టున పొంచి కూర్చుండి చేపను పట్టుకుంటుంది. ఇంటిపిల్లికి రెండింతలుండే ఈ జంతువుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అనగా పెద్దపులితో సమానంగా, రక్షణ ఉన్నది. ఆ సాయంత్రం కాకినాడ తీరపు బురదమేటలమీద పక్షులను చూచాము. ఈశాన్య సైబీరియాలో గ్రుడ్లు పెట్టే గ్రేట్ నాట్ అనే చిన్నపక్షి చలికాలం గడపటానికి వచ్చే చోట్లలో ఇదొకటి. అటు సముద్రంవైపు హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున కాకినాడ అఖాతానికి అడ్డుకట్టవలె సాగి ఉన్నది. గోదావరి ఒండ్రుతో గత రెండువందల ఏండ్లలో పెరిగిన నేల అది. జనవరినుండి మార్చివరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టటానికి అక్కడికి వస్తాయి. ఊపిరికోసం పైకి రావలసిన జీవి కనుక ట్రాలర్ వలలో చిక్కితే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. మేము దిబ్బమీదికి వెళ్ళలేదు.

ఇంతవరకు చెప్పినది ఏ యాత్రికుడైనా చెప్పగలిగినదే. మేము నేర్చుకున్న అసలు పాఠం చెట్లు లేనిచోట దొరికింది.

పాయనుండి కొంత లోపలికి పోతే, ఒకప్పుడు మడ చచ్చిపోయి, తిరిగి మొలిపించిన ప్రదేశం కలదు. ఇట్టి బంజరు మచ్చలు గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో చాలాకాలం ఉండేవి. చుట్టుపక్కల పల్లెలవారు కట్టెలకు నరికినందువల్ల, పశువులు మేసినందువల్ల అడవి చచ్చిందని చాలాకాలం అందరూ నమ్మారు. మా విద్యార్థి తల్లివంటివారే నేరస్థులన్న మాట. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు మొదట తమిళనాడులోని పిచ్చావరంలో, పిమ్మట ఇక్కడ, నేల మట్టాలను, ఉప్పదనాన్ని కొలిచి చూచారు. వారు కనుగొన్నది వేరు. వెనుకటి రోజులలో కలపకోసం అడవిని కూపులుగా విభజించి, వంతులవారీగా ఒక్కొక్క కూపును పూర్తిగా నరికేవారు. అది దొంగతనం కాదు. శాస్త్రీయ నిర్వహణ అని పేరుపెట్టి కాగితాలమీద చేసిన పని. చెట్లు పోయిన బురదకు నేరుగా ఎండ తగిలింది. నీరు ఆవిరై నేల కుంగి, పళ్ళెంవలె గుంట పడింది. పోటులో వచ్చిన నీరు ఆ గుంటలో నిలిచి, పాటులో తిరిగి పోలేకపోయింది. నిలిచిన నీరు ఎండకు ఇంకి ఉప్పు మిగిలింది. మరునాడు మరికొంత నీరు, మరికొంత ఉప్పు. చివరకు ఉప్పునీటి చెట్టు కూడ ఓర్వలేని ఉప్పు. గాలికి, నీటికి కొట్టుకొని వచ్చిన ఏ గింజా అక్కడ మొలవలేదు. పశువులను అడ్డుకున్నా, కట్టెలు కొట్టటం మాన్పించినా ప్రయోజనం లేకపోయింది. రోగం వేరొకచోట ఉన్నది గదా.

చికిత్స ఆశ్చర్యమైనంత సామాన్యమైనది. సహజమైన పాయనుండి ఒక పెద్దకాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్నకాలువలు, చేపముల్లు ఆకారంలో తవ్వారు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుతో బయటకు పోవటం మొదలయింది. పోయేటప్పుడు ఉప్పును కడిగి తీసుకొని పోయింది. ఉప్పు తగ్గిన పిమ్మట కాలువ గట్ల వాలులో మొక్కలు నాటారు. తవ్వినవారు, నాటినవారు, కాపలా కాచినవారు ఆ పల్లెల స్త్రీపురుషులే. అటవీశాఖతో కలిసి గ్రామసంఘాలుగా ఏర్పడి పనిచేశారు. నిన్నటివరకు నేరస్థులని పిలువబడినవారు.

ఈ కథ వింటున్నంతసేపు ఆ విద్యార్థి కాలువవైపే చూస్తున్నాడు. వాళ్ళ అమ్మ కట్టెకు వెళ్ళి ఒకసారి పట్టుబడి, కత్తి పోగొట్టుకొని, ఉత్తచేతులతో ఇంటికి వచ్చిందని తరువాత నాతో చెప్పాడు. కట్టె కొట్టటం మంచిదని నేను వాదించను. అభయారణ్యంలో అది నేరం. గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత అవసరం కూడ తగ్గింది. అయితే ఒక మోపు కట్టెకూ, ఒక కూపు నరికివేతకూ గల భేదాన్ని చూడక తీర్పు చెప్పిన చదువు ఎట్టి చదువు? కొలిచి చూడక ముందే కారణం తెలిసిపోయిందనుకోవటం మన ప్రయోగశాలలలోనూ జరుగుతున్నదే.

మడకు ప్రాణాధారం ఉప్పునీరు ఒక్కటే కాదు, మంచినీరు కూడ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. దానివల్ల డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ మేలును తక్కువచేసే మాట నేను అనను. కాని వేసవిలో నదినుండి మొగవరకు చేరే నీరు తగ్గింది; ఎగువన కట్టలు పెరిగినకొద్దీ ఒండ్రు కూడ తగ్గింది. మంచినీటిని ఎక్కువగా కోరే జాతులు వెనుకకు తగ్గుతాయి. ఉప్పును ఓర్చుకునే తెల్లమడ మిగులుతుంది. పుస్తెలమ్మి అయినా తినమని గోదావరివారు చెప్పే పులస కూడ సముద్రంనుండి ఏటికి ఎదురీదటానికి ఈ మొగలగుండా వచ్చే వరదనీటినే నమ్ముకున్నది.

1990లలో రొయ్యల చెరువులు ఈ అంచులను కొరుక్కుతిన్నవి. 1996లో సుప్రీంకోర్టు తీరంలోని చెరువుల విషయమై కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే, నవంబరు 6న, కాకినాడకు దక్షిణంగా తీరందాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించారు. ఆ రాత్రి అలలను మడ చీల్చి బలం తగ్గించిందని, అది లేకపోతే తమ ఊరు ఉండేది కాదని పడవ మనిషి అన్నాడు. ఎంతవరకు తగ్గించిందో నేను కొలిచి చెప్పలేను; వేళ్ళ అడవిలో నీటి వేగం తగ్గుతుందన్నది మాత్రం భౌతికశాస్త్రం తెలిసినవారు కాదనరు. అయినా 2020లో కాకినాడ శివారు దుమ్ములపేటలో పేదల ఇండ్లస్థలాలకోసం మడను తొలగించి మట్టి నింపిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవానికి ఇల్లు కావలెను. ఉప్పెన వస్తే ముందుగా మునిగే చోట ఆ ఇల్లు కట్టటం ఎవరికి మేలు అన్నదే ప్రశ్న.

వచ్చే ఏడు వెళ్ళబోయే విద్యార్థులకు కొన్ని సూచనలు. ముందుగా పోటుపాట్ల వేళలు కనుగొనండి. పున్నమికి, అమావాస్యకు నీరు ఎక్కువగా తీస్తుంది. పాతబట్టలు కట్టుకోండి, చెప్పులను బురద తిరిగి ఇవ్వదు. కాయగాని, మొలకగాని, పీతగాని వెంట తీసుకొని రావటం చట్టవిరుద్ధం. మన హెర్బేరియంకోసమైనా సరే, అనుమతి లేనిదే తేరాదు. పాయ గట్టున, పదిగజాల లోపల, ఇంకా పదిగజాల లోపల, ఈ మూడుచోట్ల ఒక్కొక్క చదరపు మీటరు నేలను తాడుతో గుర్తించి, అందులోని శ్వాసమూలాలను, పీతబొరియలను లెక్కించండి. బొరియనీటి ఉప్పదనాన్ని కొలవండి. మా బృందం ఈ పని మొదటి రెండుచోట్ల చేసింది. మూడవచోటికి వెళ్ళేసరికి పోటు తిరిగింది. "ఇంక కదలాలండీ, ఆలీసమైతే పడవ సుడి తిరుగుద్ది" అన్నాడు పెద్దాయన. తాడు చుట్టుకొని, లెక్క అసంపూర్తిగా వదలి, పడవెక్కాము. ఆ గళ్ళు మా రికార్డుపుస్తకంలో ఇంకను ఖాళీగానే ఉన్నవి.